గుర్వమ్మ పెద్దల్లుడి నల్ల కారు

ఆదివారం పొద్దున ఐలేశం ఇంట్లో అనుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు నల్లగొండ దేవరకొండ రోడ్డులో ఉన్న బషీర్ భాయ్ దుకాణానికి పోవాలి. బషీర్ భాయ్ కార్లు అమ్మడు. రెండేళ్ళకు, మూడేళ్ళకు నెల కిరాయి మీద ఇస్తాడు. అక్కడ ఒక బూడిద రంగు చిన్న కారును ఐలేశం భార్య నాగరాణి ముందే చూసి పెట్టింది. కిరాయి జీతంలో ఇమిడేది, సీటు కిందికి ఉండేది, పెట్రోలు పొదుపుగా తాగేది. దాన్ని ఒక రోజు నడిపి చూడటానికి తీసుకుని, నకిరేకల్ దాటాక ఉన్న అత్తగారి ఊళ్ళో ఎల్లమ్మ బోనాలకు పోయి, సాయంత్రం ఆరు లోపల తెచ్చి, నచ్చితే సంతకం పెట్టాలి. అంతే.

కారు అవసరం ఐలేశం తల్లి బక్కమ్మది. ఆమెకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పదిహేను రోజులకోసారి హైదరాబాదు దవాఖానకు పోవాలి. ఆమె బస్సు మెట్లు ఎక్కుతుంటే చూడలేక కండక్టరే మొహం తిప్పుకునేవాడు. "ఇగ నాతోని గాదు బిడ్డా, నన్ను ఇంట్లనే పడుండనియ్యి" అని పోయిన నెల ఆమె దవాఖానకు పోవడమే మానేసింది. అందుకే పశువుల దవాఖానలో చిన్న ఉద్యోగం చేసే ఐలేశం కారు మాట ఎత్తాడు.

అది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం పేరు శివకృష్ణ.

శివకృష్ణ ఐలేశానికి షడ్డకుడు, అంటే నాగరాణి చెల్లెలి మొగుడు. వయసులో ఏడేళ్ళు చిన్న. ఆలేరులో విత్తనాల దుకాణం నడుపుతాడు. మూడు నెలల కిందట ఐలేశం దంపతులు మోటారు సైకిల్ మీద ఒక పెళ్ళికి పోతుంటే, వెనక నుంచి ఎర్ర కారు ఒకటి వచ్చి పక్కన నెమ్మదించింది. అద్దం కిందికి దిగింది. లోపలి చల్లగాలితో పాటు శివకృష్ణ మొహం బయటికి వచ్చింది. "అన్నా, ఎండ మస్తున్నది, జర పైలం!" అన్నాడు. కారు సాగిపోయింది. ఆ పెళ్ళి భోజనంలో ఐలేశం పెరుగు దాకా రాకుండానే లేచాడు. అప్పటి నుంచి రోడ్డు మీద ఎర్రటిది ఏది కనిపించినా, చివరికి గ్యాస్ బండ కనిపించినా సరే, అతని కడుపులో మంట మొదలయ్యేది.

దుకాణంలో బషీర్ భాయ్ బూడిద రంగు కారును తుడిపించి సిద్ధంగా ఉంచాడు. బక్కమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ముందు సీట్లో కూర్చుంది. "మంచంల కూసున్నట్టే ఉన్నది" అంది. నాగరాణి మొహం వెలిగింది. సరిగ్గా అప్పుడే ఐలేశం ఫోను మోగింది. అత్త గుర్వమ్మ.

"అల్లుడా, యాడి దాక వచ్చిన్రు? చిన్నల్లుడు అప్పుడే వచ్చిండు. ఎర్ర కారు తెచ్చి వాకిట్ల పెట్టిండు, ఊరంత గాడ్నే ఉన్నది. నువ్వు గూడ కారుల వస్తున్నవంట గదా? పెద్దదేనా?"

ఆ చివరి మాట ఐలేశం చెవిలో కందిరీగలా దూరింది. అతని చూపు బూడిద రంగు కారు మీద నుంచి జారి, మూలన ఉన్న ఏడు సీట్ల నల్ల కారు మీద పడింది. ఏ మంత్రి వాకిట్లోనో ఉండాల్సింది దారి తప్పి ఇక్కడ నిలబడినట్టుంది అది.

"భాయ్, గా నల్లది?"

"అరే ఐలేశం భాయ్, గది మీకెందుకు? కిరాయి డబుల్. పెట్రోలు నీళ్ళ లెక్క తాగుతది."

"కిరాయికి కాదు. ఇయ్యాల ఒక్కదినం నడిపి చూస్త. చూసుట్ల తప్పేమున్నది?"

"చూసుట్ల తప్పు లేదు. గని గీత పడ్డా, మరక పడ్డా జిమ్మేదారి మీదే. బాగు చేపియ్యాలె, లేకుంటే గా బండినే రెండేండ్లు మీరు తీస్కోవాలె. కాయిదం మీద రాసున్నది, చదువుకోండ్రి."

ఐలేశం చదవకుండానే సంతకం పెట్టాడు. నాగరాణి ఏమీ అనలేదు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె ఏమీ అనకుండా ఊరుకున్న సందర్భాలన్నీ ఐలేశానికి గుర్తున్నాయి. ఒక్కటీ మంచిగా ముగియలేదు.

బక్కమ్మను చిన్న కారులోంచి దింపి నల్ల కారు ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్లాస్టిక్ స్టూలు వేసి, ఐలేశం పైనుంచి గుంజి, నాగరాణి వెనక నుంచి ఎత్తితే గానీ ఆమె సీటు మీదికి చేరలేదు. "బస్సే నయముండె గదరా" అంది ఆయాసపడుతూ. ఐలేశం వినిపించనట్టు తాళం తిప్పాడు. స్టూలు కూడా కారులో పెట్టుకున్నారు. దిగడానికి కావాలి కదా.

నల్ల కారు ఊళ్ళోకి రాగానే డప్పులు ఒక్క క్షణం ఆగాయి. ఐలేశం కావాలనే దాన్ని ఎర్ర కారు పక్కన ఆపాడు. పక్కపక్కన చూస్తే ఎర్ర కారు తల్లి దగ్గర పాలు తాగడానికి వచ్చిన దూడలా ఉంది. శివకృష్ణ నవ్వుతూ ఎదురొచ్చాడు. రెండు అడుగులు వేసేసరికి ఆ నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. మూడు నెలలుగా ఐలేశం కోరుకున్నది ఆ ఒక్క దృశ్యమే.

"ఎప్పుడు తీస్కున్నవన్నా?"

"ఇయ్యాల పొద్దుగాలనే తమ్మీ."

"సొంతమేనా?"

"నెలనెల కట్టుడు ఉంటది."

రెండూ నిజాలే. నిజాలతోనే ఇంత పెద్ద అబద్ధం ఆడొచ్చని ఐలేశానికి అప్పుడే తెలిసింది.

గుర్వమ్మకు ఆ మాత్రం చాలు. "మా పెద్దల్లుడు కారు కొన్నడు!" అని వాడంతా వినిపించేలా చెప్పి, కొబ్బరికాయ తెచ్చి బంపరుకేసి కొట్టింది. పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది.

"అత్తమ్మా, గవన్ని ఎందుకిప్పుడు..."

"ఊకో అల్లుడా. మంది కండ్లు మంచియి గావు" అంటూ ఆమె చిన్నల్లుడి వైపు చూడకుండా చూసింది.

ఐలేశం లోపల కూర్చుని మంచినీళ్ళూ పొగడ్తలూ తాగి బయటికి వచ్చేసరికి ఇంకో పని జరిగిపోయింది. గుడికి రంగులు వేయడానికి వచ్చిన బీరన్నను గుర్వమ్మ పట్టుకొచ్చింది. కారు వెనక అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరికి పసుప్పచ్చ అక్షరాలతో 'గుర్వమ్మ పెద్దల్లుడు' అని మెరుస్తోంది. పక్కన బీరన్న తన ముచ్చట కొద్దీ ఒక నెమలిని కూడా వేశాడు.

"గిది పోతదా బీరన్నా?" అన్నాడు ఐలేశం, నెమలి తోకను వేలితో రుద్ది చూస్తూ.

"యాడికి పోతది? ఆయిల్ పెయింటు. కారు పోవాలె గని పేరు పోదు" అన్నాడు బీరన్న గర్వంగా.

ఇంతలో కబురొచ్చింది. మొక్కు పొట్టేలు ఊరవతల మంద దగ్గర ఉంది, తేవాల్సిన ఆటో రాలేదు. "ఇంటి ముంగట గింత కారుండంగ ఆటో ఎందుకు?" అంది గుర్వమ్మ. పొట్టేలును వెనక సీట్ల మధ్య నిలబెట్టారు. అది ముందు సీటు వెనక భాగాన్ని ఇంకో పొట్టేలు అనుకుంది. పదిహేనేళ్ళుగా పశువుల కాళ్ళు పట్టుకుని సూదులు వేయించే ఐలేశం స్టీరింగ్ వదలలేక "హే, హే" అంటూ ఉండగానే సీటుకు రెండు చిల్లులు పడ్డాయి. తర్వాత జల్లు మొదలైంది. బోనాలు తడుస్తాయని ఐదుగురు ఆడవాళ్ళు బోనాలతో సహా కారెక్కారు. పసుపు నీళ్ళు సీట్ల మీద ఒలికాయి. ఒకామె బోనం మీది దీపం ఆర్పితే అరిష్టమని పట్టుబట్టడంతో కారు కప్పు మీద అరచేయంత నల్ల మచ్చ పడింది.

'ఇది నాది కాదు' అని ఒక్కమాట అంటే అన్నీ ఆగిపోయేవి. ఆ మాట మూడుసార్లు గొంతు దాకా వచ్చింది. మూడుసార్లూ శివకృష్ణ కనిపించాడు. కారు చుట్టూ తిరుగుతున్నాడు, తలుపు మీద చెయ్యి వేసి తీస్తున్నాడు, ముందు అద్దంలోకి వంగి చూస్తున్నాడు. తర్వాత దూరంగా వేపచెట్టు కిందికి పోయి, వీపు తిప్పుకుని ఎవరితోనో ఫోను మాట్లాడాడు. 'మండనీ, బాగా మండనీ' అనుకుని ఐలేశం మాటను మింగేశాడు. భోజనంలో ఆ రోజు పెరుగు రెండుసార్లు వేయించుకున్నాడు.

మూడు గంటలకు బషీర్ భాయ్ ఫోన్ చేశాడు. "బండి ఎట్లున్నది ఐలేశం భాయ్?"

"మస్తున్నది భాయ్" అంటుంటే పొట్టేలు పెంటికలు అతని చెప్పు కింద నలిగాయి.

తిరుగు దారిలో నకిరేకల్‌లో టిన్నర్ సీసా కొని, రోడ్డు పక్కన కారు ఆపి ఐలేశం అద్దం రుద్దాడు. అక్షరాలు కదల్లేదు. నెమలి మాత్రం రంగు పాకి రెండింతలయింది. నాగరాణి పొద్దుటి నుంచి మొదటిసారి నోరు విప్పింది.

"ఇగ రెండేండ్లు గీ కారే. నీ జీతం దీనికే సాలదు. అత్తను దవాఖానకు ఎట్ల తీస్కపోతవు?"

ఐలేశం గుడ్డను మళ్ళీ టిన్నర్‌లో ముంచాడు. ముందు సీట్లోంచి బక్కమ్మ అంది: "కారు నా కాళ్ళ కోసమని చెప్పినవు గదరా. నీ కండ్ల కోసమని ముందే చెప్తే నేను ఇంట్లనే ఉందును."

ఐలేశం సీసా మూత పెట్టి కారెక్కాడు. నల్లగొండ వచ్చే దాకా కారు నిండా పసుపు వాసన, పొట్టేలు వాసనే.

దుకాణం ముందు బషీర్ భాయ్ నవ్వుతూ నిలబడ్డాడు. ఐలేశం దిగీ దిగగానే మొదలుపెట్టాడు. "భాయ్, తప్పయింది. అద్దం మీద రాసిన్రు, సీటుకు చిల్లులు, కప్పు కాలింది..."

"ఫికర్ జేయకుండ్రి. బండి పోయింది."

"యాడికి పోయింది? గీడ్నే ఉన్నది గదా!"

"కిరాయికి పోయింది. మధ్యాహ్నం ఒక పార్టీ ఫోన్ జేసి, గిదే నంబరు బండి గావాల్నన్నడు. ఐలేశం సంతకం పెట్టకముందే నాకియ్యాలె అన్నడు. మరకలు గిరకలు ఉంటయి, నా కండ్లతోని చూసిన, ఉన్నది ఉన్నట్టే తీస్కుంట అన్నడు. అడ్వాన్స్ గూడ పంపిండు."

అప్పుడే ఎర్ర కారు వచ్చి ఆగింది. శివకృష్ణ దిగాడు. గెలిచినవాడి నడకతో వచ్చాడు గానీ, ఐలేశం కళ్ళలోకి చూడలేకపోయాడు.

"ఏమనుకోకు అన్నా. ముందటి అద్దం మీద భాయ్ దుకాణం చీటి చూసి ఫోన్ జేసిన. నువ్వు ఇంక తీస్కోలేదన్నడు. గంతే, నేనే తీస్కున్న."

"కిరాయి బండని తెలిసినంక గాడ్నే అందరికి చెప్తే అయిపోతుండె గదా తమ్మీ? నా పరువు పోతుండె."

"నీ పరువు పోతే నాకేమొస్తది? కారు రాదు గదా!"

ఐలేశం ఎర్ర కారు వైపు చూశాడు. "మరి గిదేం జేస్తవు?"

శివకృష్ణ నేల చూపులు చూశాడు. బషీర్ భాయే చెప్పాడు. "గది గూడ మనదే ఐలేశం భాయ్. మూడు నెలల కింద తీస్కపోయిండు. ఇయ్యాల వాపస్, గా కాయిదం నల్లదానికి మార్చిన."

మూడు నెలల మంట కిరాయి కారు కోసమని తెలిశాక ఐలేశానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బషీర్ భాయ్ నల్ల కారు వెనక్కి పోయి అద్దాన్ని గోటితో గీకి చూశాడు. "గిది రేపు గీకిపిస్త" అన్నాడు.

"వద్దు భాయ్!" శివకృష్ణ గబగబా అడ్డం వచ్చాడు. "పేరు ఉండనియ్యి."

అందరూ అతన్ని చూశారు. అతని మొహం ఎర్రబడింది.

"లగ్గమైన కాడ్నుంచి చిన్నల్లుడా, చిన్నల్లుడా. తొలి కంచం నీకే, తొలి బట్టలు నీకే. నేను ఆలేరుల తెల్లారగట్ల లేచి అందరి కన్నా ముందల వస్త. వచ్చినంక అత్తమ్మ నన్నేమడుగుతదో ఎరుకేనా? 'పెద్దల్లుడు యాడి దాక వచ్చిండు' అని! ఆలేరుల పెద్దోడెవడో చిన్నోడెవడో ఎవలకు ఎరుక?"

తాను మూడు నెలలుగా ఎవరిని చూసి కుళ్ళుకున్నాడో, ఆ మనిషే ఇన్నేళ్ళుగా తనను చూసి కుళ్ళుకుంటున్నాడు. అది కూడా తొలి కంచం కోసం. తాను ఎన్నడూ గమనించని కంచం. అతను షడ్డకుడి భుజం మీద చెయ్యి వేశాడు. "వచ్చే పండుగకు నువ్వే ముందల కూసో తమ్మీ" అన్నాడు. ఆ క్షణంలో ఆ మాట నిజంగానే అన్నాడు.

శివకృష్ణ నల్ల కారెక్కి, చిల్లుల సీటు మీద నిటారుగా కూర్చుని, హారన్ కొట్టుకుంటూ పోయాడు. నెమలి మలుపు తిరిగి కనుమరుగయ్యే దాకా ఐలేశం చూస్తూనే ఉన్నాడు. కడుపులో ఎక్కడో చిన్నగా చురుక్కుమంది.

"ఐలేశం భాయ్, ఎర్రది ఖాళీనే ఉన్నది. గావాల్నా?" అన్నాడు బషీర్ భాయ్.

ఐలేశం నోరు తెరిచాడు. వెనక నుంచి పొడవుగా హారన్ మోగింది. తిరిగి చూస్తే నాగరాణి, బక్కమ్మ బూడిద రంగు కారులో కూర్చుని ఉన్నారు. హారన్ మీద నాగరాణి చెయ్యి అలాగే ఉంది. ఐలేశం నోరు మూసి, పెన్ను అడిగి, ఈసారి కాయిదం మొదటి నుంచి చివరి దాకా చదివి సంతకం పెట్టాడు.

మర్నాడు సెలవు పెట్టి తల్లిని హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. బక్కమ్మ చౌటుప్పల్ రాకముందే ముందు సీట్లో గురక పెట్టి నిద్రపోయింది. దారిలో ఎన్నో పెద్ద కార్లు వాళ్ళను దాటుకుని పోయాయి. ఐలేశం ఒక్కదాని వైపూ చూడలేదు.

ఆ సోమవారమంతా అతని మనసు ప్రశాంతంగా ఉంది. మంగళవారం పొద్దున ఎదురింటివాళ్ళు ఏసీ పెట్టించుకున్నారు.