మైనస్ ఇరవై ఐదులో ఏసీ పని

దుబాయ్‌లో చలి ఉండదని ఎవరన్నారండీ? చలంటే దుబాయ్‌దే! మన దగ్గర దేవుడిచ్చే చలికి మాట మీద నిలకడ లేదు. కార్తీకంలో వస్తుంది, శివరాత్రికల్లా చెప్పాపెట్టకుండా పోతుంది. అదే కంపెనీ ఇచ్చే చలి చూడండి! పన్నెండు నెలలూ ఉంటుంది. సెలవు పెట్టదు.

నమ్మకపోతే అల్ కుసైస్‌లో ఉన్న పర్శరాములును అడగండి. జగిత్యాల పక్క ఊరివాడు. రెండున్నరేళ్ల కింద ఏజెంటు మల్లేశ్ అతనికి వీసా ఇప్పిస్తూ ఒక్కటే మాట చెప్పాడు. "ఏసీల పని కాకా! నీడపట్టున ఉంటవ్. చెమట సుక్క రాదు."

మాట తప్పని ఏజెంటును మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, చూడండి! పర్శరాములుకు దొరికింది కోల్డ్ స్టోరేజీలో పని. చికెన్ పెట్టెలు మోయాలి. లోపల మైనస్ పద్దెనిమిది. ఏసీయే కదా మరి! చెమట సుక్క వచ్చిందా? ఇవాళ్టి దాకా రాలేదు. పాపం, ఎడారికి పోతున్నానని అతను ఊరి నుంచి ఎనిమిది పల్చటి బనీన్లూ, మూడు డబ్బాల చెమటకాయల పౌడరూ తెచ్చుకున్నాడు. ఆ డబ్బాలు ఇంకా మూత తీయకుండా పెట్టెలోనే ఉన్నాయి. అంతా పొదుపే!

ఇక ఈ ఏడాది చలి సంగతి చెప్పాలి. అంత ఘోరమైన చలికాలం ఆ గోడౌన్ చరిత్రలోనే లేదు. జూన్ ఒకటో తారీఖున మొదలైంది. ఐస్‌క్రీం కాంట్రాక్టు రావడంతో మైనస్ ఇరవై ఐదుకు దించారు. బయట రోడ్డు మీద నలభై ఎనిమిది, తలుపు తీస్తే హిమాలయం! ఇదే నగరంలో ఒక మాల్‌లో మంచు గది ఉంది. జనం టికెట్టు కొని, క్యూ కట్టి మరీ పోతారు. వాళ్లకు జాకెట్టు, బూట్లు, చేతి తొడుగులు ఇచ్చి, గంటకే బయటికి పంపేస్తారు. పర్శరాములుకు టికెట్టు లేదు. పది గంటలు లోపలే ఉండొచ్చు. జాకెట్టు ఒక్కటే లేదు. అన్నీ ఒక్కడికే కావాలంటే ఎట్లా?

జాకెట్లు అసలు లేవని కాదు. పన్నెండు మందికి ఐదున్నాయి. ముందొచ్చిన వాడిది ముందు. ఒకడు విప్పితే ఇంకొకడు తొడుక్కోవాలి. దీనివల్ల ఐకమత్యం పెరుగుతుందని కంపెనీ నమ్మకం.

చలి చేసే ఇంకో మేలు ఏమిటంటే, వేళ్లకు స్పర్శ పోతుంది. నొప్పి తెలియని వేలు ఎంత మందికి దొరుకుతుంది చెప్పండి? అయితే వరండాలో హాజరు మెషీన్ ఉంది. దానికి ఈ సుఖం అర్థం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి, బస్సు దిగి వచ్చిన వెచ్చటి బొటనవేలు పెడితే "థాంక్యూ" అంటుంది. మధ్యాహ్నం రెండింటికి, డ్యూటీ దిగేటప్పుడు అదే వేలు పగిలి, బిగుసుకుపోయి వస్తే "ప్లీజ్ ట్రై అగైన్" అంటుంది. పావుగంటలో వేలు పడకపోతే ఆ రోజు ఆబ్సెంట్. అట్లా తొమ్మిది ఆబ్సెంట్లు పడ్డాయి. కంపెనీ రికార్డు ప్రకారం పర్శరాములు తొమ్మిది సార్లు లోపలికి పోయాడు, ఒక్కసారీ బయటికి రాలేదు!

పదోది పడితే లీవు వచ్చే ఏడాదికి పోతుంది. లీవు ఎందుకంటే, ఆగస్టులో మనవడి పుట్టువెంట్రుకలు. కూతురు సుభాషిణికి అన్నదమ్ములు లేరు. మేనమామ లేని పిల్లవాడు తాత ఒళ్లో కూర్చోవాలి. ఆ పిల్లవాణ్ణి పర్శరాములు ఇంతవరకు ఫోన్‌లోనే చూశాడు. ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని అతనికి ఎంత ఆశో!

ఈలోగా పెద్ద కస్టమర్లు గోడౌన్ చూడటానికి వచ్చారు. ఎక్కడివో కొత్త జాకెట్లు పన్నెండు దిగాయి. నీలం రంగు, లోపల బొచ్చు. పర్శరాములుకు ఒకటి తొడిగి, నవ్వమని ఫోటో తీశారు. సరిగ్గా నలభై నిమిషాలు వెచ్చగా ఉన్నాడు మనిషి! కస్టమర్ల కారు గేటు దాటగానే జాకెట్లు మళ్లీ అట్టపెట్టెల్లోకి పోయాయి. ఫోటో మాత్రం పోస్టరై, వరండాలో హాజరు మెషీన్ పక్కనే వెలిసింది. కింద మూడు భాషల్లో రాశారు, "మా కార్మికుడి వెచ్చదనమే మా సంతోషం" అని.

జూలై ఇరవై రెండున, మధ్యాహ్నం రెండింటికి, మెషీన్ మళ్లీ మొండికేసింది. పర్శరాములు వేలు ఊదాడు, చంకలో పెట్టుకున్నాడు, లాభం లేదు. పరుగున బయటికి పోయి, ఎండకు కాలిపోతున్న ఇనుప షట్టరు మీద అరచేయి ఆనించాడు. స్పర్శ ఇప్పుడిప్పుడే వస్తోంది. ఇంతలో సెక్యూరిటీ బడే సాహెబ్ పరుగెత్తుకొచ్చాడు.

"అరే భాయ్, ఏం చేస్తున్నవ్? పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండల ఎవ్వరు ఉండొద్దు. కానూన్ హై! అందర్ జావ్, యల్లా!"

"రెండు నిమిషాలు సాబ్, ఏలు కాగుతలేదు..."

"ఎండదెబ్బ తగిల్తే నా నౌకరీ పోతది. అందర్!"

ఎండ నుంచి కార్మికుణ్ణి కాపాడి చలిలోకి తోసిన ఆ దయకు ఏం పేరు పెట్టాలి? పావుగంట అయిపోయింది. పదో ఆబ్సెంట్ పడింది.

సూపర్‌వైజర్ అనీష్ మంచివాడే. అర్జీ పట్టుకొని అతనే ఆఫీసుకు పోయాడు, జాకెట్టు లేక వేళ్లు పనిచేయడం లేదని చెప్పాడు. ఆఫీసు ఊరికే కాదంటుందా? రుజువు చూపించింది. వరండాలో పోస్టరు! "జాకెట్టు వేసుకొని నవ్వుతున్నాడు కదా. ఇతనికి చలేమిటి? ఖలాస్!" అంది. ఫోటో కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

సాయంత్రం ఊరి నుంచి భార్య అంజవ్వ ఫోన్ చేసింది. ఆ పోస్టరు ఫోటో అప్పటికే ఫోన్లలో ఊరంతా తిరిగింది.

"కోటుల దొరలెక్క కొడ్తున్నవయ్యా! మస్తు వెచ్చగ ఉన్నట్టుంది. పుట్టెంటికల నాడు అదే ఏసుకో. ఎన్నడు అస్తున్నవ్?"

"ఈ ఏడు లీవు లేదే అంజవ్వా."

"మరి పిల్లగాడు ఎవల ఒళ్ల కూసుండాలె?"

"గా ఫోటో పెద్దగ కడిగియ్యి. పీట మీద పెట్టి, దాని ముంగట కూసోబెట్టు."

"థూ, నీ నోరు పాడుగాను! బతికున్న మనిషి ఫోటోను పీట మీద పెడ్తరా?"

"తప్పేమున్నదే?" అన్నాడు పర్శరాములు, బొటనవేలు నోటి దగ్గర పెట్టి ఊదుకుంటూ. "కంపెనీ కాయితాలల్ల నేనింక ఆ మంచు అర్రల్నే ఉన్న. బయటికే రాలే."