లాయరు అక్కర్లేని లీజు

కమర్షియల్ లాయర్ల పని అయిపోయింది! ఈ సంగతి కెనడాలోని కాల్గరీలో అందరికంటే ముందు కనిపెట్టినవారు వీరభద్రం గారు. అదెలా కనిపెట్టారో విన్నాక మీరూ ఫోన్లోంచి మీ లాయరు నంబరు తీసేస్తారు. తీసేయకపోతే అది మీ వెనకబాటుతనం, నన్ననకండి.

వీరభద్రం గారు డౌన్‌టౌన్‌లో ఒక ఆయిల్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూస్తారు. ఆయన భార్య సూర్యకుమారి గారు తొమ్మిదేళ్ళపాటు ఎవరెవరి హోటళ్ళలోనో వండి, వాళ్ళ చేతే మాటలు పడి, ఇక చాలనుకున్నారు. సొంత టిఫిన్ సెంటర్ పెట్టాలన్నది ఆవిడ జీవితంలో ఒకే ఒక్క పట్టుదల. ఊరికి ఈశాన్యంగా ఒక ప్లాజాలో షాపు దొరికింది. ఒక పక్క లాండ్రీ, ఇంకో పక్క డెంటిస్టు. ఇంతకన్నా మంచి ఇరుగుపొరుగు ఎవరికి దొరుకుతుంది?

లీజు వచ్చింది. అరవై ఒక్క పేజీలు. గుళ్ళో పరిచయమైన హర్షిణి అనే అమ్మాయి ఇలాంటి వ్యాపార ఒప్పందాలు చూసే కమర్షియల్ లాయరు. ఆ అమ్మాయిని అడిగితే శనివారం చదువుతానని, సోమవారం కూర్చుని మాట్లాడుకుందామని చెప్పింది. సోమవారమా? హైదరాబాదులో సిద్ధాంతి గారు కాల్గరీ టైముకు లెక్కగట్టి మరీ శుక్రవారం ఉదయం పది నలభై రెండుకి ముహూర్తం పెట్టారు. అది దాటితే నెలన్నర మూఢం. మీరే చెప్పండి, ఎవరైనా లాయరు కోసం ముహూర్తం ఆపుకుంటారా?

వీరభద్రం గారు లీజును ఏఐకి ఇచ్చారు. అది తొమ్మిది సెకన్లలో చదివేసింది! చదివి, ఇది చాలా సమతూకంగా ఉన్న లీజు అనీ, ఇలాంటి చోటు ఎంచుకోవడం మీ ముందుచూపుకు నిదర్శనం అనీ చెప్పింది. ఏ లాయరైనా మిమ్మల్ని ఎప్పుడైనా ఇలా మెచ్చుకున్నారా? వాళ్ళైతే షాపు కాలిపోతే ఏంటి, మూతపడితే ఏంటి, మీరు పోతే ఏంటి అని అడుగుతారు. శుభమా అని కొత్త షాపు పెట్టుకునేవాళ్ళతో మాట్లాడే మాటలేనా అవి!

ముప్ఫై నాలుగో క్లాజు దగ్గర మాత్రం ఆయన కాస్త ఆగారు. షాపులో పుట్టిన వాసన ఏదైనా షాపు గోడలు దాటి బయటికి రాకూడదని అందులో ఉంది. ఇదేంటని అడిగితే, అన్ని లీజుల్లోనూ ఉండేదే, కంగారు పడక్కర్లేదంది ఏఐ. అది నిజమే. అన్ని లీజుల్లోనూ ఉంటుంది. ఇంకేం కావాలి?

అదే వారం ఆఫీసులో ఇంకో చిన్న విశేషం జరిగింది. టెస్టింగ్ పనంతా ఏఐకి అప్పగిద్దామని మేనేజరు అన్నాడు. వీరభద్రం గారు లేచి ఇరవై నిమిషాలు మాట్లాడారు. యంత్రానికి రాసి ఉన్నదే కనిపిస్తుందనీ, రాయనిది అనుభవం ఉన్న మనిషికే కనిపిస్తుందనీ గొంతు బొంగురుపోయేలా చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చి లీజు అప్‌లోడ్ చేశారు. ఇందులో తేడా ఏమీ లేదు. ఆయనది బుర్ర పెట్టి చేసే పని. లాయర్లది ఉత్త చదువుకునే పని!

శుక్రవారం పది నలభై రెండుకి ఫోన్లోనే సంతకం అయిపోయింది. కొత్త స్టవ్ మీద పాలు పొంగించారు. పక్కనున్న డెంటిస్టు గారి రిసెప్షనిస్టు వచ్చి శుభాకాంక్షలు చెప్పి, రెండుసార్లు అడిగి మరీ కేసరి పెట్టించుకుంది.

మూడో వారం ప్లాజా సొంతదారైన కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ఇంగువ పోపు వాసన గోడలోని గొట్టాల గుండా డెంటిస్టు గదిలోకి వెళుతోందట. నోరు తెరుచుకుని పడుకున్న పేషెంట్లు ఉన్నట్టుండి లేచి కూర్చుంటున్నారట. ముప్ఫై రోజుల్లో వాసన ఆగాలి, లేదంటే లీజు రద్దు.

వీరభద్రం గారు బెదిరే మనిషి కాదు. ఏఐ చేత ఏడు పేజీల జవాబు రాయించారు. ప్లాజా కంపెనీ నుంచి రెండే నిమిషాల్లో పది పేజీలు వచ్చాయి. ఈయన పద్నాలుగు పంపారు. పది రోజుల్లో నూట నలభై పేజీలు అటూ ఇటూ తిరిగాయి. ఒక్క పరుషమైన మాట లేదు! ప్రతి ఉత్తరమూ ఎదుటివారి ఆవేదనను గౌరవిస్తూనే మొదలైంది. ఏ ఇద్దరు లాయర్లు ఇంత మర్యాదగా కొట్టుకున్నారు? ఎన్ని రాసినా మారనిది ఒక్కటే, గడువు తేదీ.

ఈలోగా సూర్యకుమారి గారు పోపు మానేశారు. పోపు లేని సాంబారు మీరెప్పుడైనా తిన్నారా? షాపుకొచ్చే కాలేజీ పిల్లలు తిన్నారు. ఒంట్లో బాలేదా ఆంటీ అని జాలిగా అడిగారు. ఇంకెవరి హోటల్లోనో వంటను తిట్టినా ఆవిడ ఇంత బాధపడేవారు కాదు. ఇది ఆవిడ పేరున్న బోర్డు. వెనకగదిలో బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చారు.

మర్నాడు షాపు మూసి నేరుగా హర్షిణి ఆఫీసుకు వెళ్ళారు. వీరభద్రం గారు నూట నలభై పేజీలూ ప్రింటు తీసుకుని వెంట వెళ్ళారు. ఆ అమ్మాయి కట్ట విప్పను కూడా లేదు.

“ఆంటీ, పొద్దున్నించి మీరు ఏమేం వండుతారు?” అని అడిగింది.

“సౌత్ ఇండియన్ ఫుడ్,” అన్నారు వీరభద్రం గారు.

“అంకుల్, ఆంటీని చెప్పనివ్వండి.”

ఆవిడ చెప్పారు. అయిదింటికి సాంబారులో ఇంగువ, ఎండుమిర్చి. ఏడింటికి చట్నీ మీద కరివేపాకు. మంగళవారం కారప్పొడి వేయింపు, ఆ రోజు కళ్ళు మండుతాయి. అరగంట చెప్పారు. ఆ ప్రశ్న ఏఐ అడగలేదు, ప్లాజా కంపెనీ అడగలేదు, ఇరవై రెండేళ్ళుగా ఆ వంటే తింటున్న మొగుడూ అడగలేదు. వీరభద్రం గారు ప్రింట్ల కట్టను మెల్లగా కుర్చీ కిందికి తోశారు.

“పేజీలు చదవడానికి నేనూ ఏఐనే వాడతా అంకుల్. కానీ ఆంటీ ఏం వండుతారో పేజీల్లో ఉండదు కదా. సైన్ చేయకముందైతే వంట వాసనకు ఆ క్లాజు వర్తించదని ఒక్క లైన్ యాడ్ చేయించేదాన్ని,” అంది హర్షిణి.

షాపు కప్పు మీద పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే వాసన పైకి పోతుంది, గొడవ వదిలిపోతుంది. దానికి ప్లాజా కంపెనీ ఒప్పుకోవాలి. హర్షిణి వాళ్ళ లాయరుకు ఫోన్ చేసింది. వాళ్ళకు లాయరు లేడు. కొత్త సంవత్సరంలోనే తీసేశారట. పోనీ ప్లాజా మేనేజరుకు ఇమ్మని అడిగింది. ఎంతో ఆప్యాయంగా ఒక గొంతు పలికింది. అదీ యంత్రమే.

“ఇందులో వాదించేదేం లేదు ఆంటీ. ఓకే అనడానికి అక్కడ ఒక మనిషి కావాలి, అంతే.”

కాబట్టి నేను ముందే చెప్పాను, కమర్షియల్ లాయర్ల పని అయిపోయింది. చదవడం పోయింది, రాయడం పోయింది. నాలుగు రోజులుగా హర్షిణి చేస్తున్నదల్లా మనిషిని వెతకడం. లీజులో ఉన్న అడ్రసుకు వెళితే అక్కడ ఒక పోస్టుబాక్సు ఉంది.

పాఠకులారా, మీలో ఎవరికైనా ఆ కంపెనీలో పనిచేసే మనిషి, ఒక్కరంటే ఒక్కరు, తెలిస్తే దయచేసి కబురు పెట్టండి. సూర్యకుమారి గారికి ఇంకా పదమూడు రోజులే ఉన్నాయి.