బొంగురు గొంతుకు శనివారం భోజనాలు

మంగళవారం పొద్దున ఆర్డిస్ పెట్టుకున్న పని ఒక్కటే, ఫోను పక్కన కూర్చోవడం. ఐదు వారాలుగా ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. జలుబు లేదు, దగ్గు లేదు. తేనె తాగింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, నడుం నొప్పని చెప్పి చర్చి పాటలు ఎగ్గొట్టింది. మూడు వారాలు దాటిన బొంగురుతో ఇంట్లో కూర్చుంటారా అని క్లినిక్కులో చీవాట్లు పెట్టి, ముక్కులోంచి సన్నటి కెమెరా దించి చూశారు. పెద్ద డాక్టరు ఆ బొమ్మలు చూసి ఇవాళ ఫోను చేస్తాడు. క్యాన్సరేమోనన్న భయం ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు.

మొగుడు వెర్లిన్ పొద్దున్నే గడ్డకట్టిన సరస్సు మీదకు చేపలకు పోయాడు. మార్చి నెలాఖరులో మిన్నెసోటా మంచును నమ్మడానికి లేదు. వెర్లిన్ నమ్ముతాడు.

ఫోను మోగింది. డాక్టరు కాదు, పక్కింటి లవోన్. చలికాలమంతా అరిజోనాలో గడిపి రాత్రే ఊరికి వచ్చింది. నిచ్చెన కావాలట.

"వెర్లిన్ సరస్సు మీదకి వెళ్ళాడే. ఇప్పుడు మాట్లాడలేను," అని ఆర్డిస్ పెట్టేసింది.

పగిలిపోయిన ఆ గొంతు విని లవోన్ గుండె జారిపోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందనుకుంది. సరస్సు అంది, మాట్లాడలేనంది, మంచు విరిగి వెర్లిన్ మునిగిపోయాడనడానికి ఇంకేం కావాలి? ఆ ఊళ్ళో ఇలాంటివి నోరు తెరిచి అడగడం మర్యాద కాదు. మాంసమూ బంగాళాదుంపలూ కలిపి ఓవెన్లో వండే హాట్‌డిష్ చావింటికి పట్టుకెళ్ళడం మర్యాద. లవోన్ పొయ్యి వెలిగించి, చర్చి ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేసింది.

పదకొండయ్యేసరికి ఆర్డిస్ వంటగదిలో గిన్నె పెట్టడానికి చోటు లేదు.

"నువ్వేం మాట్లాడకే. అన్నీ మేం చూసుకుంటాం," అని లవోన్ కళ్ళు తుడుచుకుంది.

ఆర్డిస్ గబగబా లెక్క కట్టుకుంది. క్లినిక్కులో ఫోనెత్తే పిల్ల లవోన్ మేనకోడలే. అంటే తనది క్యాన్సరేనని తనకంటే ముందు ఊరంతటికీ తెలిసిపోయింది.

పాస్టరు నెల్స్ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దగా బాధ తెలియదంటారమ్మా."

"ఎప్పుడంటారు?" అంది ఆర్డిస్.

"శనివారమైతే అందరికీ వీలు. పదకొండింటికి. ఆ తర్వాత భోజనాలు."

"ఈ శనివారమేనా!"

"మరీ తొందరనుకుంటే..."

"వెర్లిన్‌కి చెప్పారా?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. లవోన్ ఆవిడ భుజం నిమిరింది. "వెర్లిన్‌కి ఇప్పుడు అన్నీ తెలుసే."

ఆర్డిస్‌కు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం శనివారానికి పోతుందని తెలిసి కూడా చేపలకు వెళ్ళాడన్నమాట!

అప్పుడే వెనక తలుపు తోసుకుని, చేతిలో చేపల బకెట్టుతో వెర్లిన్ లోపలికొచ్చాడు. ఎవరిదో కప్పు కింద పడింది. పాస్టరు నిలుచున్నవాడు నిలుచున్నట్టే కుర్చీలో పెట్టిన జెల్లీ గిన్నెలో కూలబడ్డాడు. వెర్లిన్ గిన్నెలన్నీ కలయజూశాడు.

"ఎవరు పోయారు?"

"నేనే!" అంది ఆర్డిస్.

"ఆఁ?"

"నేనూ!" ఆవిడ ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "శనివారం!"

"శనివారం నాకు కుదరదు," అన్నాడు వెర్లిన్. "చేపలకి వెళ్ళాలి."

ఫోను మోగింది. ఆర్డిస్ హడావిడిగా ఎత్తబోతే స్పీకరు నొక్కుకుపోయింది. డాక్టరు గొంతు వంటిల్లంతా వినిపించింది.

"భయపడకండమ్మా, క్యాన్సర్ కాదు. స్వరతంతువుల మీద చిన్న కాయలు కాశాయి. రోజూ అరిచేవాళ్ళకి ఇలా అవుతుంటుంది. ఇంట్లో ఎవరి మీదైనా అరుస్తుంటారా?"

అందరూ వెర్లిన్ వైపు తిరిగారు.

"ఎవరే ఫోన్లో?" అన్నాడు వెర్లిన్.

డాక్టరుకు సంగతి అర్థమైంది. "రెండు వారాలు నోరు విప్పకండి. గుసగుసలు కూడా వద్దు. ఆయన్ని మాత్రం వెంటనే చెవుల డాక్టరుకి చూపించండి."

ఆర్డిస్ కుర్చీలో కూలబడి, ఐదు వారాల భయమూ కరిగేదాకా చప్పుడు లేకుండా ఏడ్చింది. వెర్లిన్‌కు ఏం చెయ్యాలో తోచక ఆవిడ ముందు ఒక హాట్‌డిష్ పెట్టాడు.

గురువారం వెర్లిన్‌కు చెవి మిషను వచ్చింది. ఇంట్లో పెళ్ళాం మాట ఒక్కటీ వినపడటం లేదని శుక్రవారమే దాన్ని వాపసు ఇచ్చేశాడు.