చెరి సగం చుక్క

ఆ రోజు పొద్దున వదినగారి పథకం చాలా సులువైనది. కాఫీ తాగాలి, ఆడపడుచును వెంటబెట్టుకుని పచ్చబొట్ల దుకాణానికి వెళ్ళాలి, తమ బొంతల మీది చుక్కను ఇద్దరి చేతుల మీదా చెరి సగం వేయించుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి హోటలావిడకు చూపించి ఆర్డరు పట్టాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది? తప్పుకు మనం చోటివ్వక్కర్లేదు. కూర్చునే పీట అదే తెచ్చుకుంటుంది.

ఇంట్లో వదిన పేరు కత్తెర, ఆడపడుచు పేరు సూది. ఆమె గుడ్డ కత్తిరిస్తుంది, ఈమె కుడుతుంది. ఆ పేర్లు పెట్టినవాడు ఒకరికి మొగుడు, ఇంకొకరికి అన్న. ఇద్దరి మధ్యా పడి చిక్కుపడిపోయే మనిషి కనుక వాళ్ళు అతనికి దారం అని పేరు పెట్టి చెల్లుకు చెల్లు చేశారు. ముందుగదిలో బొంతల పని. పాత చొక్కాలూ పరదాలూ ముక్కలు చేసి, ఎనిమిది కోణాల చుక్కగా అతికి, దూది పరిచి కుడతారు. ఆ చుక్క వాళ్ళ సొంత డిజైను. ఇద్దరిలో ఎవరి సొంతమన్న దాని మీదే రోజూ యుద్ధం.

ముందురోజు హోటలావిడ ఫోను చేస్తే ఎత్తింది దారం. పక్కన కుట్టుమిషను గడగడలాడుతోంది. ఫోను పెట్టేసి, "వాళ్ళిద్దరూ తెగ పోట్లాడుకుంటారట కదా అంది. రేపు మధ్యాహ్నం వచ్చి చూస్తుందట. చూశాకే ఆర్డరట" అన్నాడు.

హోటలు గదులన్నిటికీ బొంతలు. అది చేజారితే ఇద్దరూ మళ్ళీ యూనిఫారాల ఫ్యాక్టరీకి పోయి, సూపర్‌వైజరు ఈల వేస్తే లేచి, ఈల వేస్తే కూర్చుని, పొద్దస్తమానం కాలర్లు కుట్టుకోవాల్సిందే. మనిషిని ఈలతో నడిపించేవాడి కింద మళ్ళీ పనిచెయ్యడం కన్నా చేతులు నరుక్కోవడం మేలని కత్తెర అభిప్రాయం. నరుక్కోవడం దాకా ఎందుకని పచ్చబొట్టు దగ్గర ఆగింది.

"మనం విడిపోమని ఆవిడకు నమ్మకం కుదరాలి. కాగితం మీద రాసిస్తే చింపేస్తాం అనుకుంటుంది. ఒంటి మీద రాయించుకుందాం" అంది.

"ఒంటి మీదా? సూదితోనా?" అంది సూది. గుడ్డలో సూది దించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. తన ఒంట్లో దిగుతుందంటే మాత్రం ప్రాణం పోతుంది.

"నీ పేరేంటే మరి?"

"పేరు పెట్టింది అన్నయ్య. వాణ్ణి పొడవమను."

పచ్చబొట్లు వేసే అమ్మాయి ముందు కత్తెర తాను గీసుకొచ్చిన కాగితం పరిచింది. ముంజేతి లోపలివైపు వదిన కుడిచేతికి ఒక సగం, ఆడపడుచు ఎడమచేతికి ఒక సగం. పక్కపక్కన నిలబడి అరచేతులు పైకి పెట్టి చేతులు ఆనిస్తే చుక్క నిండాలి. ఆ అమ్మాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆంటీ, ఇదే వైపా?" అని అడిగింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ గీస్తున్నా. నువ్వు కానియ్యి."

సూది కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళల్లో ఆమెకు చుక్కలు కనబడుతూనే ఉన్నాయి, అవన్నీ నిండు చుక్కలే.

ఇంటికొచ్చి, పచ్చబొట్ల మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితంలోంచి చూసుకుంటూ, చేతులు ఆనించారు. రెండు సగాలూ ఒకదానికొకటి వీపు తిప్పుకుని, కాపురం చెడిన ఆలుమగల్లా చెరోవైపూ చూస్తున్నాయి.

విషయం ఏమిటంటే, గుడ్డ మీద ముక్క గీసేటప్పుడు ఎప్పుడూ తిరగవైపునే గీస్తారు. కోసి, కుట్టి, తిరగేస్తే మంచివైపుకి సరిగ్గా వస్తుంది. కత్తెర చెయ్యి అలవాటు కొద్దీ తిరగేసి గీసింది. గుడ్డనైతే తిరగెయ్యొచ్చు. తోలును ఎవరు తిరగేస్తారు?

"ఆ పిల్ల అడిగింది కదా వదినా, ఇదే వైపా అని!"

"విన్నదానివి కళ్ళు తెరిచి చూడొచ్చుగా?"

"నువ్వు కళ్ళు తెరిచే గీశావుగా, ఏం ఒరిగింది?"

"విప్పి మళ్ళీ కుట్టడానికి ఇదేమైనా బొంతా?"

"బొంతే. మన బతుకే అతుకుల బొంత."

తిట్టుకుంటూనే కొలతలు వేశారు. చోట్లు మార్చుకుని నిలబడ్డారు, కుదరలేదు. చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటించి చూశారు. సగాలు దగ్గరికి రాబోతుండగా సూది చేతి గొలుసు, కత్తెర జాకెట్టు చేతికి మోచేతి దగ్గర గుచ్చి ఉన్న పిన్నీసులో చిక్కుకుంది. ఒకరు లాగితే రెండోవాళ్ళు గిర్రున తిరిగారు. బల్ల కదిలి గుండుసూదుల డబ్బా బోర్లాపడి గదంతా చిందింది.

చప్పుడుకి దారం లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. పెళ్ళామూ చెల్లెలూ చేతులు మెలేసుకుని బొంగరంలా తిరుగుతున్నారు. ఈసారి నిజంగానే కొట్టుకుంటున్నారనుకుని మధ్యలో దూరాడు. చిక్కు సంగతి తెలిశాక, బల్ల మీది పెద్ద కత్తెర అందుకున్నాడు.

"అది ముట్టుకోకండి!"

"అన్నయ్యా, అది గుడ్డ కత్తెర!"

గుడ్డ కోసే కత్తెరతో ఇంకేం కోసినా పదును పోతుంది. ఆ ఇంట్లో ఇద్దరూ ఒప్పుకునే సత్యం అదొక్కటే. అతను కత్తెర కింద పెట్టి, పళ్ళతో పిన్నీసు విప్పబోయాడు. సరిగ్గా అప్పుడు హోటలావిడ గుమ్మంలో నిలబడింది.

దారం నోట్లో ఉన్నది వదిలి, "మామూలుగా ఇంతలా ఉండరండీ" అన్నాడు.

దాంతో పిన్నీసు ఊడి ఇద్దరూ చెరోవైపూ పడ్డారు. కత్తెరకు ఈల వినబడినంత పనైంది. ఇక దాచి లాభం లేదని లేచి నిలబడి చెయ్యి చాపి చూపించింది. "అవునమ్మా, పోట్లాడుకుంటాం. తెల్లారితే అదే పని. కానీ ఒక్క బొంతా మధ్యలో వదిలెయ్యలేదు. విడిపోమని చెబుదామని ఇది వేయించుకున్నాం. అదీ తిరగబడింది."

హోటలావిడ గుండుసూదులు తప్పించుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఇదివరకు నాకు కుట్టిన అక్కచెల్లెళ్ళు ఒక్కనాడూ గొంతెత్తలేదు. ఎప్పుడు చూడూ నవ్వులే. ఒకరోజు నవ్వుకుంటూనే విడిపోయారు. నా బొంతలన్నీ సగంలో ఆగిపోయాయి. అప్పట్నుంచీ, మొహం మీదే తిట్టుకుని మళ్ళీ పనిచేసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కనబడ్డవాళ్ళనల్లా అడిగాను. అందరూ మీ ఇంటికే దారి చూపించారు."

ఇద్దరూ నోరు తెరిచారు.

"పోట్లాడుకుంటారట కదా, నాకు అలాంటివాళ్ళే కావాలి, రేపొచ్చి బొంతలు చూస్తాను అన్నానుగా? ఆయనతో చెప్పానే" అంది హోటలావిడ. "మరి పచ్చబొట్లు ఎందుకు వేయించుకున్నట్టు?"

ఇద్దరూ దారం వైపు తిరిగారు. దారం అప్పటికే నేల మీద కూర్చుని, తల వంచుకుని, గుండుసూదులు ఏరడంలో మునిగిపోయాడు. "మిషను చప్పుడులో మధ్య ముక్క వినబడలేదు" అని నేలతో చెప్పాడు.

వదినా ఆడపడుచూ పక్కపక్కన నిలబడి, ఒక్కసారే చేతులు చాపి, అరచేతులు కిందికి పెట్టి, అతని మీదికి వేళ్ళు చూపించారు. "ఈయన వల్లే!" "వీడి వల్లే!"

అతను తలెత్తి చూశాడు. తన నెత్తికి పైన, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు ముంజేతుల అడుగున ఎనిమిది కోణాలూ కలిసి, అతుకు కనబడకుండా, చుక్క నిండుగా మెరుస్తోంది.

"కలిసిందే" అన్నాడు.

ఆ ఇంట్లో పట్టపగలు చుక్కలు చూడటం దారానికి కొత్త కాదు. ఇంత చక్కటి చుక్కను చూడటం మాత్రం అదే మొదలు.