లేని నల్లులకు మందు

తిరుపతిలో అద్దె ఇంటికి ఓనరు ఒక్కరే అయినా, కాపురముండేది మాత్రం కొండకొచ్చే చుట్టాలందరూ. నెల రోజులుగా దామోదరం మంచం వాళ్లకిచ్చి తను చాప మీద పడుకుంటున్నాడు. నడుము మొరాయిస్తోంది. ఆ శనివారం పొద్దున కాఫీ తాగుతూ అతను కోరుకున్నది ఒక్కటే: రేపు ఆదివారం తన మంచం మీద తను పడుకోవాలి.

అంతలో చిత్తూరు నుంచి భార్య కోమలి అన్న చిన్నబ్బ ఫోను చేశాడు. "బావా, రేపు అందరం వస్తాండాం. రాత్రికి మీ ఇంట్లో పండుకోని తెల్లారి కొండకు పోతాం."

స్వామి దర్శనానికి పోయేవాళ్లను రావద్దంటే కళ్లు పోతాయి. అందుకని దామోదరం తన తెలివిని నమ్ముకున్నాడు. అది అతనికి ఏనాడూ అచ్చిరాని పని.

"రండి బావా, కానీ ఇంటినిండా నల్లులుండాయి. మంచాల్లో, గోడల్లో, యాడ చూసినా అవే."

చిన్నబ్బ ప్రయాణం మానుకున్నాడు. అంతటితో ఊరుకుంటే అతను చిన్నబ్బ ఎందుకవుతాడు? చెల్లెలి మీద ప్రేమ పొంగుకొచ్చి, కింద వాటాలో ఉండే ఓనరు వసంతమ్మకు ఫోను చేసి దులిపేశాడు. వచ్చినప్పుడల్లా ఆమె చేతి కాఫీ తాగిన చనువు మరి.

వసంతమ్మ కొంగు బిగించి పైకొచ్చింది. "ఏమప్పా దామోదరం, నా ఇంట్లో నల్లులా? ఉంటే మీ చుట్టాల సంచుల్లో వచ్చినవే. మందు నువ్వే కొట్టించుకోవల్ల!"

అబద్ధమాడానని ఒప్పుకుంటే అక్కడితో పోయేది. కోమలి కళ్లతో సైగ కూడా చేసింది. కానీ వాదన దొరికితే దామోదరం నాలుక ఆగదు. "అదెట్లక్కా? ఇల్లు మీది, గోడలు మీవి. గోడల్లో ఉండేవీ మీవే!"

వసంతమ్మ విసవిసా కిందికి దిగిపోయింది. దామోదరం మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి ఆమె పిలిపించిన మందు కొట్టే మనిషి వచ్చి పరుపులన్నీ తిరగేశాడు. ఒక్క నల్లీ లేదు. "కనపడలేదంటే బాగా లోపల దాక్కోనుండాయని సార్" అని తేల్చి, ఇల్లంతా మందు కొట్టి, రేపు సాయంత్రం దాకా ఇంట్లో అడుగు పెట్టొద్దన్నాడు.

"గెలిచినావు కదా, ఇప్పుడు యాడికి పోదాం?" అంది కోమలి. వరుస సెలవులు, లాడ్జీలన్నీ కిటకిట. ఇక మిగిలింది చిత్తూరే.

చిన్నబ్బ ఆప్యాయంగా లోపలికి తీసుకుపోయి, వాళ్ల నాయన కాలంనాటి పట్టెమంచం బావకు అప్పగించాడు. ఎన్నాళ్లకో మంచం దొరికిందని దామోదరం సంతోషంగా ఒరిగాడు. తెల్లారేసరికి ఒళ్లంతా దద్దుర్లు.

"సూసినావా బావా," చిన్నబ్బ జాలిపడ్డాడు, "మీ ఇంటి నల్లులు మీ వెంబడే వచ్చినాయి!"

కాదనాలంటే మొదటి అబద్ధం బయటపెట్టాలి. దామోదరం గోక్కుంటూనే తలూపాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఒళ్లంతా తెలిసొచ్చింది.

సాయంత్రం తిరుపతిలో ఇంటి మెట్లెక్కుతుంటే అతని సంచి మీద నుంచి నల్లి ఒకటి నింపాదిగా దిగింది. వసంతమ్మ చూడనే చూసింది.

"ఇల్లు నాది, గోడలు నావి. సంచి ఎవురిదప్పా?"

దామోదరం సంచిని వెనక్కి దాచుకున్నాడు. అంతలో జేబులో ఫోను మోగింది. చిన్నబ్బే. "బావా, మీరు వదిలిపోయిన నల్లులకు మా ఇంట్లో మందు కొట్టిస్తాండాం. ఎట్లాగూ మీ ఇల్లు శుభ్రమైంది కదా, అందరం బస్సెక్కినాం."

దామోదరం లోపలికి పోయి చాప దులిపి పరిచాడు. అందులో మాత్రం నల్లులు లేవు.