బోర్డు లేని దుకాణం

సోమవారం పొద్దున, నేలమాళిగలోని తన దుకాణంలో మాల్సున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు యూనిఫాం ప్యాంట్ల అంచులు మడిచి కుట్టాలి. బార్లీ టీ కాచుకోవాలి. నాలుగింటికి మనవరాలు బోమి బడి నుంచి వచ్చేసరికి కత్తిరింపుల బల్ల ఖాళీ చేసి ఉంచాలి.

ఆ పథకానికి మొదటి దెబ్బ పైనుంచి పడింది. 'బట్టల మరమ్మతు' అని రాసి ఉన్న బోర్డు మేకులు ఊడి, ఆమె చెవికి జానెడు దూరంలో నేలకూలింది. బోర్డుల అతను వచ్చి చూసి, "శనివారం సాయంత్రానికి బాగుచేసి తెస్తా పెద్దమ్మా" అని చంకలో పెట్టుకుని పోయాడు. గోడమీద నాలుగు మేకు చిల్లులు మాత్రం మిగిలాయి.

రెండో దెబ్బ ఫోన్లో వచ్చింది. కోడలు హేరిమ్.

"అత్తయ్యా, శనివారం బోమికి 'శిఖరం' కోచింగ్ వాళ్ళ ప్రవేశ పరీక్ష. ఇది మూడోసారి. ఈసారీ తప్పితే సోమవారం నుంచి ఆ పరీక్షకి తయారుచేసే కోచింగ్‌లో వేసేస్తున్నా. వారానికి ఆరు రోజులు. ఇక మీ దగ్గరికి రావడం కుదరదు."

"కోచింగ్‌లో చేరడానికి ఇంకో కోచింగా?"

"ముప్ఫై ఏళ్ళుగా ఈ కోచింగుల పేట డేచీలో ఉంటూ ఇది కూడా తెలీదా అత్తయ్యా? దాని బుర్ర తరగతికి మూడేళ్ళు ముందుందని టీచరే చెప్పింది. చిరుగులు కుట్టే చోట కూర్చోబెడితే పై లెక్కలు ఎక్కడొస్తాయి?"

మాల్సున్ ఫోన్ పెట్టేసి సూది అందుకుంది. నాలుగు నుంచి ఆరు వరకు బోమి ఆ బల్ల దగ్గర ఉండే రెండు గంటల కోసమే ఆమె మిగతా రోజంతా కుడుతుంది. ఆ సంగతి కోడలికి చెప్పుకునేది కాదు.

నాలుగింటికి బోమి వచ్చింది. నాలుగో తరగతి. బ్యాగు మూలకి విసిరి బల్లెక్కినంత పని చేసింది. వాళ్ళిద్దరికీ ఒక ఆట ఉంది. మాల్సున్ ఒకప్పుడు పండగ బట్టలు కుట్టిన మనిషి. చిన్నపిల్లల పట్టు రవికెకి చేతులు, మెడపట్టీ లాంటి ఏడు భాగాలు, వాటి కొలతకి ఏడు కాగితపు ముక్కలు. ఆ ఏడూ ఒక గుడ్డమీద సర్దాలి. నిలువు పోగు వంకర పోకూడదు. గుడ్డ ఎంత మిగిలిస్తే అంత గెలుపు. నెల రోజులుగా బోమి నానమ్మ కొలత దాటలేకపోతోంది.

"క్లూ ఇవ్వు నానమ్మా."

"ఇవ్వను. నిన్ను చూస్తే నాకు సరదాగా ఉంది."

మరమ్మతుకిచ్చిన స్కర్టు తీసుకెళ్ళడానికి వచ్చిన, సిహో అనే పిల్లాడి తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. కాగితాల నిండా కొలతలు, కొట్టివేతలు. పెదవి కొరుక్కుంటూ కదలకుండా కూర్చున్న పిల్ల. జవాబు చెప్పని ముసలావిడ. సిహో వాళ్ళమ్మ వెనక్కి తిరిగి గోడ చూసింది. బోర్డు లేదు.

డేచీలో పెద్ద బోర్డులు పెట్టుకునేవాళ్ళు మామూలు పిల్లలకి ట్యూషన్ చెబుతారు. చిన్న బోర్డులవాళ్ళు తెలివైన పిల్లలకి చెబుతారు. అసలు బోర్డే లేనివాళ్ళ గురించి తల్లులు లిఫ్టులో, అదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటారు.

"మీరు లెక్కలు చెబుతారా అండీ?" గొంతు తగ్గించి అడిగింది.

"నేనా? నాకేం లెక్కలొచ్చమ్మా! బట్టలు కుట్టుకుంటా."

బోర్డు లేనివాళ్ళు సరిగ్గా అలాగే అంటారని సిహో వాళ్ళమ్మకి తెలుసు. బయటికి నడుస్తూనే ఫోన్ తీసింది.

మంగళవారం నలుగురు తల్లులు వచ్చారు. బుధవారం తొమ్మిదిమంది. అందరి చేతుల్లోనూ చిరిగిన బట్టలు. ఒట్టి చేతులతో వెళ్తే ఆవిడ పంపించేస్తుందని, చిరుగు ఉంటేనే లోపలికి రానిస్తుందని తల్లుల గ్రూపులో కబురు పాకింది మరి. కొత్త ప్యాంట్లు, లేబుల్ తీయని చొక్కాలు, ఒక దుప్పటి కూడా వచ్చాయి.

"ఈ వారం ఊళ్ళో మేకుల వాన కురిసిందా ఏంటి?" అనుకుంటూ మాల్సున్ కుడుతూనే ఉంది. తల్లుల వెంట పిల్లలు. బోమి వాళ్ళకీ ఏడేసి కాగితపు ముక్కలు పంచింది. ఫోన్ లేకపోతే నిమిషం కూడా కూర్చోలేని పిల్లలు నేలమీద బోర్లా పడుకుని గంటలకొద్దీ ముక్కలు తిప్పుతున్నారు.

"ఇక్కడ చదువు చెప్పరమ్మా" అని మాల్సున్ తొమ్మిదిసార్లు చెప్పింది. తొమ్మిదో ఆవిడ నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది. "అర్థమైందండీ. ప్రాణం పోయినా బయట చెప్పం."

గురువారానికి వరస మెట్లెక్కి వీధిలోకి పాకింది. ఎవరో నంబర్ల చీటీలు కూడా పంచారు.

శుక్రవారం నాలుగున్నరకి ఒక మగమనిషి దిగాడు. టోపీ, మాస్కు, చంకలో కోటు. కోటు మోచేయి దగ్గర కత్తెరతో కోసిన చిరుగు. బోమి తలెత్తి చూసి ముక్కలు పక్కన పెట్టింది.

"నానమ్మా, ఈయన శిఖరం డైరెక్టర్ నామ్గుంగ్ గారు. వాళ్ళ గోడమీద ఫోటోలో ఉంటారు."

వరసలో ఉన్న తల్లులు చీటీలతో మొహాలు దాచుకున్నారు. దొరికిపోయిన నామ్గుంగ్ మాస్కు తీశాడు. ఈ వారం అతని పై తరగతిలో పన్నెండుమంది పిల్లలు రాలేదు. అందరికీ ఒకేసారి బట్టలు చిరిగాయని తల్లులు చెప్పారు.

"ఏదీ, ఆ లెక్క నేనూ చూస్తాను" అని బల్ల దగ్గర కూర్చున్నాడు. పది నిమిషాల్లో ముక్కలు చకచకా సర్దాడు. "ఇంతకంటే గుడ్డ మిగలదు."

మాల్సున్ కళ్ళజోడు సవరించుకుని చూసింది. "రవికె చేతుల ముక్కలు ఏటవాలుగా పెట్టారు బాబూ. పోగు వంకర పోయింది. ఒక్క ఉతుకుకి రవికె మెలి తిరుగుతుంది."

నామ్గుంగ్ మళ్ళీ సర్దాడు. అరగంట గడిచింది. చెమట పట్టింది. పోగు నిలువుగా ఉంచితే నానమ్మ కొలత దగ్గరే ఆగిపోతోంది.

అతని వేళ్ళనే చూస్తున్న బోమి ఉన్నట్టుండి నిటారుగా లేచింది. "ఒక్క చెయ్యి ముక్క తలకిందులుగా పెడితే? పోగు నిలువుగానే ఉంటుందిగా!" ముక్క తిప్పింది. ఒక చేతి వంపులోకి రెండో చెయ్యి వచ్చి కూర్చుంది. ఆ సందులో మెడపట్టీ ఇమిడింది. మాల్సున్ టేపు పట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"నాకంటే జానెడు ఎక్కువ మిగిల్చావే, దొంగపిల్లా!"

నేలమీది పిల్లలంతా ఈలలేశారు. నామ్గుంగ్ ఆ గుడ్డనే చూస్తూ అడిగాడు. "ఏ కోచింగ్ పాపా నీది?"

"ఏదీ లేదు. మీ పరీక్షలో రెండుసార్లు తప్పాను."

"నువ్వా? ఎలా?"

"యాభై నిమిషాల్లో నలభై లెక్కలిచ్చారు. పదకొండోది బాగుంది. మూడు రకాలుగా చేశాను. అంతలో బెల్లు కొట్టేశారు."

నామ్గుంగ్ టోపీ కూడా తీసి బల్లమీద పెట్టాడు. "రేపు పరీక్ష అక్కర్లేదు. సోమవారం నేరుగా పై తరగతికి వచ్చెయ్."

"సాయంత్రమంతా ఒకే లెక్క చేసుకోనిస్తారా?"

"అలాంటి తరగతి మా దగ్గర లేదే."

"అయితే నేను ఇక్కడే ఉంటాను."

శిఖరాన్ని కాదన్న పిల్ల! ఆ వార్త మెట్లమీదుగా వీధి చివరికి పోవడానికి అర నిమిషం పట్టలేదు. వరస ఒక్కసారి ముందుకు తోసుకొచ్చింది. ఆ తోపుకి ఒకావిడ మెట్లు జారినంత వేగంగా వచ్చి మాల్సున్ ముందు ఆగింది. చేతిలో ముప్ఫై ఒకటో నంబరు చీటీ. ఇంకో చేతిలో మగవాళ్ళ ప్యాంటు.

హేరిమ్.

"అత్తయ్యా! బోర్డు లేని మాస్టారు మీ పక్క ఖాళీ గదిలో ఉంటారనుకున్నా. మీరు నాకు చెప్పకుండా దాచారని మూడు రోజులుగా తిట్టుకుంటున్నా కూడా."

మాల్సున్ ప్యాంటు అందుకుని తిరగేసింది. "ఇది మా వాడి పెళ్ళి ప్యాంటు. కుట్టింది నేనే. కత్తెర పెట్టింది ఎవరు?"

హేరిమ్ తల దించుకుంది. బల్లమీది గుడ్డని చూసింది, కూతురి మొహం చూసింది. నామ్గుంగ్ మాటలు ఆమె మెట్లమీంచే విన్నది. గొంతు బాగా తగ్గించింది. "సోమవారం నుంచి వారానికి ఆరు రోజులు..."

మాల్సున్ ప్యాంటు మడవడం మొదలుపెట్టింది.

"...ఇక్కడే ఉంచుకోండి అత్తయ్యా. వీలుంటే నాకూ ఆ ముక్కలు ఒకసారి ఇవ్వండి. ఈ పిల్లలు ఎందుకంత నవ్వుతున్నారో చూడాలనుంది."

"దానిదేముంది, ఇస్తా" అంది మాల్సున్. "నీది ముప్ఫై ఒకటోది కదా, వరసలో నుంచో."

నామ్గుంగ్ పోలేదు. ఒక్క లెక్క, ఒక్క సాయంత్రం, బెల్లు లేని తరగతి ఒకటి తన దగ్గరా తెరవాలని చెబుతూ, అసలు ఎలా నడపాలో బోమినే అడుగుతున్నాడు. బోమి అతనికి ఏడు ముక్కలు ఇచ్చి నేలమీద చోటు చూపించింది.

శనివారం సాయంత్రం బోర్డుల అతను, బోర్డు తెస్తున్నానని ఫోన్ చేశాడు. మాల్సున్ మెట్లమీది వరసని ఒకసారి చూసి, తొందరేం లేదు నాయనా, ఆ బోర్డు ఇంకో ఏడాది నీ దగ్గరే ఉండనీ అంది.