ఫుసాయే నాగినాత, నా గెంతు

మీరే చెప్పండి, ఇల్లు మనుషుల కోసమా, కర్రల కోసమా? మా ఇతామి ఊళ్ళో ఇళ్ళే అగ్గిపెట్టెలంత. అలాంటి ఇంట్లో మా ఆవిడ ఫుసాయే నాగినాత ఒకటి పెట్టుకుంది. పొడుగాటి కర్ర, చివర వంపు తిరిగిన కత్తి. సాధనకు వాడేది కాబట్టి ఆ కత్తి వెదురుదే అనుకోండి. పొడుగు మాత్రం అసలు పొడుగే. నిలబెడితే కప్పుకు తగులుతుంది. అందుకని మా నడవాలో ఆ మూల నుంచి ఈ మూలకు పడుకుని ఉంటుంది.

దాన్ని దాటితేగానీ నేను స్నానానికి వెళ్ళలేను. మొన్న వానాకాలంలో దాని మీద నా బనియన్లు ఆరేశానని సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆ పగలు ఎంత హాయిగా గడిచిందో, అది వేరే సంగతి.

ఆ నడవాలో చిన్న చేపల తొట్టె పెట్టుకోవాలని నాకు ఎన్నాళ్ళ నుంచో ముచ్చట. అడిగితే, చోటు కావాలంటే మీ పొట్ట మీద పెట్టుకోండి, అక్కడ బోలెడంత ఉంది అంది.

నాకూ పౌరుషం ఉంది కదండీ. హైస్కూల్లో కెందో, అదే వెదురు కత్తిసాము, ఆడినవాణ్ణి. వెంటనే పందెం వేశాను. ఆదివారం ఆవిడ సాధన చేసే హాల్లో ఆవిడ నాగినాతతో, నేను వెదురు కత్తితో తలపడాలి. నేను గెలిస్తే ఆ కర్ర ఇల్లు వదిలి హాల్లోనే ఉండాలి, నడవా నా చేపలది. ఆవిడ గెలిస్తే?

"మీరొచ్చి మా క్లాసులో చేరాలి," అంది.

ఆ క్లాసులో అందరూ ఆడవాళ్ళే. నాగినాత వాళ్ళ సొత్తు. మగవాడు దాన్ని భుజాన వేసుకు నడిస్తే వీధి వీధంతా తొంగి చూస్తుంది. అయినా ఒప్పుకున్నాను.

ఎందుకంటే నా లెక్క నాకుంది. అంత పొడుగు కర్ర దూరంగా ఉన్నవాణ్ణే కొడుతుంది. దగ్గరికి దూరిపోతే తిప్పడానికి చోటుండదు. ఆవిడ ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే చాలు. ఆ క్షణం కోసం ఒక మాట సిద్ధం చేసుకున్నాను.

ఆదివారం రానే వచ్చింది. అక్కడి గురువు ఒనుకి గారు, డెబ్బై దాటిన పెద్దావిడ. నవ్వితే పన్ను కట్టాలని ఆవిడకు ఎవరో చెప్పినట్టున్నారు. ఆవిడే ఎరుపు, తెలుపు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. ఎరుపు నాది, తెలుపు ఫుసాయేది. కెందోలో కాళ్ళ మీద కొట్టరు, నాగినాతలో మోకాలి కింద కూడా కొడతారు. అందుకని నాకు కాళ్ళ తొడుగులు అరువిచ్చారు. ఆడవాళ్ళ కొలతవేమో, నా పిక్కల్ని సగం చుట్టి ఆగిపోయాయి.

మొదలైంది. ఆవిడ కత్తి మొన ఒకసారి నా మొహం దగ్గర, ఒకసారి కాళ్ళ దగ్గర ఆడుతోంది. ఆడించడమే తప్ప కొట్టదు. నేను మాత్రం వేడి పెనం మీద నిలబడ్డట్టు ప్రతిసారీ కాళ్ళెత్తుతున్నాను. నన్ను చూసి జంకుతోందని తేల్చేసుకున్నాను.

తలకు తొడిగిన ముసుగులోంచి మెల్లగా అన్నాను. "ఫుసాయే, స్నానాల తొట్టె కుళాయి కట్టేశానంటావా?"

ఆవిడ చూపు చెదిరింది. కర్ర మొన పక్కకు జరిగింది. ఎక్కడ కొడుతున్నామో అరిచి చెప్పి కొట్టాలి మరి, "తల!" అని అరుస్తూ దూరి నడినెత్తిన ఒక్కటిచ్చాను. ఠప్పున హాలంతా మోగింది. ఎర్రజెండా లేచింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. కత్తి గాల్లోకెత్తి గెంతాను. గోడవార కూర్చున్న ఆడవాళ్ళకు చెయ్యి కూడా ఊపాను.

ఎర్రజెండా దిగిపోయింది. ఒనుకి గారు రెండు జెండాలూ కిందికి దించి అడ్డంగా ఊపారు. "దెబ్బ చెల్లదు. ఓడినవాళ్ళ ముందు గెంతేవాళ్ళకు గెలుపు లేదు. కెందోలోనూ ఇంతే కదా, మరిచిపోయారా?"

మరిచిపోలేదండీ, చిన్నప్పుడే నూరిపోశారు. కానీ ఫుసాయే మీద గెలవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి, ఎలా ఆగుతాను? బతిమాలుకుందామనుకునేలోపు సమయం అయిపోయిందని గంట మోగింది. ఎవరికీ దెబ్బ లేనప్పుడు పోరాడిన తీరు చూసి తేలుస్తారు. గురువుగారు ఏమాత్రం ఆలోచించకుండా తెల్లజెండా ఎత్తారు.

ఇంటికి నడుస్తూ నిష్ఠూరమాడాను. తగిలిందో లేదో నీ నోటితో నువ్వే చెప్పమన్నాను.

"తగిలింది. తగలాలనే కదా తల చూపించాను," అంది.

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

"కుళాయి కట్టేసింది నేనే. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, లాటరీలో సబ్బు వచ్చినా గెంతుతారు మీరు. నా నెత్తిన కొట్టి ఊరుకుంటారా?"

అంత తిప్పలెందుకు, కాలి మీద ఒక్కటి కొడితే పోయేదిగా అన్నాను.

"ఆ తొడుగులు సగమే వచ్చాయి కదండీ. కొడితే కుంటుకుంటూ తిరుగుతారు. మందు రాయాల్సింది ఎవరు?"

నిజానికి నాకు కోపం రావాలి. రాలేదు. చెప్పొద్దూ, ముచ్చటేసింది.

ఇప్పుడు మా నడవాలో రెండు కర్రలున్నాయి. నేను పొడుగని ఫుసాయే నాకు ఇంకాస్త పొడుగుది చూసి మరీ కొనిచ్చింది. అది పట్టక, స్నానాల గది తలుపు ఇప్పుడు పూర్తిగా మూసుకోవడం లేదు.